నీలిమందులో ముంచిన పూలు

1949 ఫిబ్రవరి 20, ఆదివారం
సూర్యాపేట

ఈ పుస్తకాన్ని జొన్నల కుండ వెనక దాస్తున్నాను. నిజానికి దాచాల్సిన పని లేదు. అమ్మకూ నాయినకూ చదువు రాదు. మా ఇంట్లో అక్షరం దిద్దింది నేనే మొదలు. మిషన్ బడిలో ఇన్నేళ్ళూ రాసిందంతా ఎవరో ఒకరు ఎర్ర సిరాతో దిద్దడానికి రాసిందే. ఇది దిద్దేవాళ్ళు లేని రాత.

ఆరాధన నుంచి వచ్చేసరికి తాళ్ళ మీద కాగితాలు ఆరిపోయి ఉన్నాయి. మోతె దగ్గరి తండా నుంచి నీలక్క మొన్న గంపెడు మోదుగుపూలు తెచ్చింది. నిన్నంతా వాటిని ఉడకబెట్టి, ఆ రసంలో కాగితం ముంచాం. నిజం పూలను ఉడకబెట్టి కాగితం పూలకు రంగు వెయ్యడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. గాలి వచ్చినప్పుడు తాళ్ళన్నీ ఒకేసారి కదిలి ఇల్లు ఊపిరి పీల్చినట్టవుతుంది. పసుపు, గులాబీ, తెలుపు, లేత నీలం. వాటి కింద నేల మీద వెల్లకిలా పడుకుంటే చెరువు అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టుంటుంది. ఒక తేనెటీగ వచ్చి పసుపు కాగితం చుట్టూ తిరిగి తిరిగి వెళ్ళిపోయింది. దానికి క్షమాపణ చెప్పాలనిపించింది.

"లెవ్వు బిడ్డా, కలలు సాలు. మడతలెయ్యి" అంది అమ్మ.

అమ్మ కత్తెర పడితే కాగితం తెగుతున్నట్టు ఉండదు, దానంతట అదే విచ్చుకుంటున్నట్టు ఉంటుంది. పెళ్ళికైనా, చావుకైనా, పీర్ల పండుగకైనా ఈ పేటలో సువార్తమ్మ పూలే కావాలంటారు. నేను రేకులకు దబ్బనంతో ఒంపులు తిప్పుతాను, కాడలకు ఆకుపచ్చ కాగితం చుడతాను. పువ్వు మాత్రం అమ్మదే.

సాయంత్రం అమ్మ గడప తట్టుకుని తూలింది. ఏదో ఆలోచనలో ఉన్నట్టుంది.

ఫిబ్రవరి 24

ఈ వారం కూడా కిరోసిన్ రాలేదు. ఆముదం దీపమే. అందుకే అమ్మ నెమ్మదిగా చేస్తోంది.

మార్చి 2, బుధవారం

శ్రమదినాలు మొదలయ్యాయి. ఈస్టరు దాకా సంఘంలో పెళ్ళిళ్ళు ఉండవు. ఇక అన్నీ సమాధి పూలే. అంటే నీలిమందు పని. నాకు ఇష్టమైన పని అదే. బట్టలకు వేసినట్టే చెంబుడు నీళ్ళలో చిటికెడు వేసి, తెల్ల కాగితాన్ని అంచు పట్టుకుని ఒక్క ముంచు ముంచి తీయాలి. తెల్లారేముందు ఆకాశం ఉండే రంగు వస్తుంది. ఉత్త తెల్ల కాగితం సమాధి మీద ఎండకు నాలుగు నాళ్ళలో పచ్చబడిపోతుందట. నీలిమందు పడితే ఆ పసుపు పైకి తేలదట. అమ్మకు వాళ్ళ అత్త నేర్పింది. అందుకే మా సంఘంలో లేత నీలం పువ్వంటే చావు పువ్వు. పెళ్ళికి తెలుపు. ఏ పిల్లయినా తెలియక తలలో లేత నీలం పెట్టుకుంటే పెద్దవాళ్ళు పీకి పారేస్తారు.

నాయిన ఈ రోజు పని నుంచి తొందరగా వచ్చాడు. కాళ్ళకు ఇంకా సున్నం ఉంది. పాదిరిగారు పిలిచి చెప్పారట. మిర్యాలగూడలో ఆడపిల్లల బడి జూన్‌లో మొదలవుతుందట. పాఠాలన్నీ ఇక తెలుగులోనేనట. చెప్పడానికి తెలుగు చదివిన ఆడపిల్లలు దొరకడం లేదు, కృపను పంపుతావా దేవసహాయం అని అడిగారట.

"ఎన్ని బడులకు గోడలు కట్టిన్నో నాకే యాదికి లేదు" అన్నాడు నాయిన. "ఒక్కదాన్లన్న కూసోలే. నువ్వు కూసో బిడ్డా. అది కూడ కుర్సీ మీద."

"అమ్మకు తోడు?" అన్నాను.

"నాకేం తక్కువైందే?" అంది అమ్మ వెంటనే. "కాళ్ళు లేవా, కండ్లు లేవా?"

 కాసేపటికి అమ్మే వాళ్ళ అక్క సంగతి ఎత్తింది. కళ్ళల్లో పొరలొస్తే ఊరూరా తిరిగే వైద్యుడెవరో సూదితో నెట్టాడట. రెండు కళ్ళూ పోయాయి. తర్వాత కోడలు ఆమెను ఎండబోసిన వడ్ల దగ్గర కోళ్ళను తోలడానికి కూర్చోబెట్టింది.

"సచ్చేదాంక కోళ్ళను తోలింది. వచ్చినయో రాలేదో కూడ తెల్వకుంటనే ఉష్షుష్షు అనుకుంట కూసునేది. నా సేతిల పని లేని దినం నేను ఆ కోళ్ళను తోల. సచ్చిపోత."

ఇదంతా ఇప్పుడెందుకు చెప్పిందో.

మిర్యాలగూడ వెళ్ళాలని నాకు అంతగా లేదు. పిల్లలంటే గోల.

మార్చి 6

కలలో నల్లబల్ల. దాని మీద నేనేదో రాస్తున్నాను, రాసిన ప్రతి అక్షరం రేకులు విప్పి రాలుతోంది. పిల్లలు వాటిని ఏరుకుంటున్నారు. ఎవరూ గోల చెయ్యలేదు.

మార్చి 15, మంగళవారం

నిన్న హోళీ. నీలక్క చేతులు, ముఖం, వెంట్రుకలు అన్నీ మోదుగు రంగు. నవ్వితే పళ్ళు మాత్రమే తెలుపు. తండాలో ఆడవాళ్ళు మగవాళ్ళను కట్టెలతో కొట్టి ఆడుకున్నారట.

"మా ఆయన్ను బాగ కొట్టిన అక్కా" అంది అమ్మతో. "సంవత్సరమంత యాదికుండాలె."

"పండుగ ఒక్క దినమేనా?"

"దినాం కొడితే ఇల్లిడిసి పోడా?"

అమ్మ నవ్వుతూనే రేకులు కత్తిరిస్తోంది. లేత నీలం రేకులు కత్తిరించి తెల్లవాటి కుప్పలో వేస్తోంది. నీలక్క చూసింది. తర్వాత నన్ను చూసింది.

నేను ఆమె గేదె ఈనిందా అని అడిగాను.

మార్చి 20

సూదిలో దారం నేనే ఎక్కించి పెడుతున్నాను. అమ్మకు పని తగ్గుతుంది. దీపం సరిగా లేదు కదా.

ఏప్రిల్ 3, ఆదివారం

ఒక కొత్త పద్ధతి పెట్టాను. తెల్ల కాగితం కట్ట అమ్మ కుడిచేతి వైపు, లేత నీలం ఎడమచేతి వైపు, మిగతావి ఎదురుగా. రోజూ పొద్దున నేనే సర్దుతాను. శుభ్రంగా ఉంటుంది. వస్తువులు ఒక వరసలో ఉండాలని బడిలో నేర్పారు.

అమ్మ ఎందుకని అడగలేదు.

ఏప్రిల్ 18, సోమవారం

నిన్న ఈస్టరు. ఈ రోజు కోదాడ నుంచి జానమ్మ అత్త వచ్చింది. ఆమె కూతురు రాహేలు పెళ్ళి ఇరవై ఎనిమిదిన. మనిషి లోపలికి రాకముందే మాట లోపలికి వచ్చింది.

"సువార్తమ్మా, కిరీటం నువ్వే చెయ్యాలి. నా పెళ్ళికి మీ అత్త చేసింది పెట్టుకున్నాను. ఇప్పటికీ పెట్టెలో ఉంది. నా కూతురికి నీ చేతిది కావాలి. నీ కూతురు చేస్తే నాకొద్దు. ఏమనుకోకమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. చదువుకున్న పువ్వులు బిర్రుగా ఉంటాయి."

అందరం నవ్వాం. అమ్మ ముఖం వెలిగిపోయింది. చాలా రోజులైంది అలా చూసి. ఆమె వెళ్ళాక అమ్మ చేతివేళ్ళతో గాలిలోనే ఏవో రేకులు తిప్పుతూ కూర్చుంది.

బెజవాడ కాగితం మంచిది ఒక కట్ట మిగిలింది. దాన్నే తీశాం.

ఏప్రిల్ 26, మంగళవారం

నేను చాకిరేవుకు వెళ్ళి వచ్చేసరికి అమ్మ ఇల్లు అలికింది. కట్టలు తనే సర్దుకుంది. కిరీటం కూడా సగం అయింది. దీపం పెట్టే వేళకు పూర్తి చేసి మూతగంపలో పెట్టింది.

దీపం వెలుగులో తెల్లగా ఉంది.

ఏప్రిల్ 27, బుధవారం

పొద్దున్నే మూత తీశాను. ఎండ వాకిట్లో పడుతోంది.

తెల్లగా ఉంది.

"ఎట్లున్నది బిడ్డా?"

"మల్లెల లెక్కున్నదమ్మా."

రేపు పొద్దున బస్సుకు నేనే తీసుకుపోతాను. దారిలో నలిగితే పనికొస్తుందని కొంచెం కాగితం, కత్తెర, తీగ, కొబ్బరి చిప్పలో గంజి కూడా సంచిలో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 29, శుక్రవారం

నిన్నటిదంతా రాయాలి.

బస్సు నిండా జనం. రోడ్డు మీద మిలిటరీ లారీలు వచ్చినప్పుడల్లా పక్కకు ఆగుతూ పోయింది. గంప నా ఒళ్ళో ఉంది. మూత తీసి చూడొద్దనుకున్నాను. ఎండలో కిటికీ అవతల తాటిచెట్లు నెమ్మదిగా వెనక్కి నడుస్తున్నాయి. నిద్రకూ మెలకువకూ మధ్య, గంపలో ఏదో పిట్ట పిల్ల ఉన్నట్టు, మూత తీస్తే ఎగిరిపోతుందన్నట్టు అనిపించింది.

మునగాల దాటుతుండగా బస్సులోంచి పొగ వచ్చి ఆగిపోయింది. నీళ్ళు పోసి చల్లార్చాలి, అందరూ దిగండన్నారు. పోయినేడు రజాకార్ల గడబిడలో మేము వచ్చి తలదాచుకున్నది ఈ మునగాలలోనే. అప్పుడు కూర్చున్న చెరువుకట్ట మీదే మళ్ళీ కూర్చున్నాను. మూత తీశాను.

ఎండలో అబద్ధం చెప్పడం కష్టం. సగానికి పైగా లేత నీలం. అమ్మ చేతిలో అంత అందంగా ఏ కిరీటమూ వచ్చి ఉండదు. రేకు రేకుకూ నీడ ఉంది. చనిపోయిన పెళ్ళికూతురి కోసం చేసినట్టుంది.

నీలం పువ్వుల్ని ఒక్కొక్కటే తీగ విప్పి తీశాను. ఒళ్ళో తెల్ల కాగితం పరుచుకుని రేకులు కత్తిరించాను.  నా చేతులకు అది ఎప్పటినుంచో తెలిసిన పనిలా ఉంది. తీసేసిన పూలు కట్ట దిగువన తడి మట్టిలో పడ్డాయి. రెండు కొంగలు వచ్చి వాటిని చూసి, కాసేపు నిలబడి, వెళ్ళాయి. బస్సు మనుషుల మాటలు ఎక్కడో నీళ్ళ అవతలి నుంచి వస్తున్నట్టున్నాయి.

చుట్ట తాగుతూ ఒక ముసలమ్మ వచ్చి పక్కన కూలబడింది.

"ఏం పిల్లా, మంచి పూలను పెరుకుతున్నవ్?"

"కలుపు తీస్తున్న అవ్వా."

ఆమె పొగ పొలమారేదాకా నవ్వింది. "ఎవలి పెండ్లికి?"

"కోదాడల."

"ఊఁ" అంది. ఆమె ఎక్కడికి పోతున్నదో నేను అడగలేదు.

గుడిలో రాహేలు తలవంచి నిలబడితే కిటికీలోంచి వచ్చిన వెలుతురంతా ఆ కిరీటం మీదే ఆగింది. జానమ్మ అత్త కళ్ళొత్తుకుంది. "మీ అమ్మ చెయ్యి చెయ్యేనమ్మాయ్" అంది. అవునన్నాను. అందులో అమ్మవి ఏ పువ్వులో నావి ఏవో నాకే తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. అన్నీ చెప్పమంది. చీర అంచు, పాటలు, విందు, ఎవరు ఏమన్నారు. అన్నీ చెప్పాను. బస్సు ఆగిన సంగతి తప్ప.

మే 1, ఆదివారం

కలలో మూసీ నిండా కాగితం పూలు. తడవకుండా తేలిపోతున్నాయి. ఒడ్డున అమ్మ నిలబడి, అవన్నీ ఏ రంగు అని అడుగుతోంది. 

మిర్యాలగూడకు జవాబు చెప్పాలట. రానని చెప్పమన్నాను. నాయిన తాపీ కడుక్కుంటూ ఉండిపోయాడు.

మే 9, సోమవారం

జానమ్మ అత్త వచ్చింది. పెళ్ళి మిఠాయి తెచ్చింది. కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"సువార్తమ్మా, నీ కూతురు గట్టిపిండం. చుట్ట తాగే మా ఆడబిడ్డ మైసమ్మ అదే బస్సులో వచ్చింది. మునగాల కట్ట మీద కూర్చుని మీ పిల్ల నీలం పువ్వులన్నీ ఏరి పారేసిందట. అడిగితే కలుపు తీస్తున్నానందట. ఇంటిల్లిపాదీ నవ్వి నవ్వి చచ్చాం. ముందే తెలిస్తే మాత్రం నా గుండె ఆగేదమ్మా. పెళ్ళికూతురి నెత్తిన చావు పువ్వులు."

ఆమె మనసులో ఏ చెడూ లేదు. నవ్వుతూనే ఉంది.

అమ్మ కూడా నవ్వింది. "మజ్జిగ తాగుతవా వదినా?" అని లేచింది. ముంతలో పోసింది. ముంత నిండింది, ఇంకా పోస్తూనే ఉంది. మజ్జిగ అలికిన నేల మీద పారి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది.

మే 10

అమ్మ కత్తెర పట్టలేదు.

మే 11

అమ్మ కత్తెర పట్టలేదు. ఎండలు ముదిరాయి. ఎవరికైనా పని చెయ్యబుద్ధి కాదు.

మే 13, శుక్రవారం

అమ్మ పగలంతా వాకిట్లో కూర్చుంటోంది. పక్కింటివాళ్ళు పెసలు ఎండబోశారు. కోళ్ళు వచ్చాయి. అమ్మ చెయ్యి లేపింది, మళ్ళీ దించుకుంది. లోపలికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

దీపం పెట్టే వేళ అడిగింది.

"ఎన్నడు ఎరికైంది నీకు?"

"ఏందమ్మా?"

దీపం వైపు ముఖం తిప్పింది.

"ఏం లేదుతీ. కిరోసిన్ వస్తున్నదా?"

"వస్తలేదమ్మా."

నిన్నే వచ్చింది. దీపంలో ఉన్నది అదే. దాని వాసన ఇల్లంతా ఉంది.

మే 17, మంగళవారం

నీలక్క వచ్చింది. తాళ్ళు ఖాళీగా ఉండటం చూసి, అమ్మ పడుకోవడం చూసి, నన్ను చింతచెట్టు కిందికి లాక్కుపోయింది.

"ఏమైంది పోరీ?"

"ఏం లేదక్కా. ఎండకు జర నీరసం."

"నీరసమా?" నడుం మీద చెయ్యి పెట్టుకుంది. గాజులు మోచేతి దాకా గలగలమన్నాయి. "మీ అమ్మకు కానరాదని పేటంత ఎరికే. మా తండల ఎరికే. మా బర్రెకు కూడ ఎరికే, ఆమెను సూస్తే అదే పక్కకు జరుగుతది. మీ ఇద్దరికే ఎరిక లేదు."

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

"మరి అందరు పూలెందుకు కొంటున్నరు అక్కా?"

"పువ్వు మంచిగుంటది గనక. తండోల్లకు నీలమైతేంది, తెల్లదైతేంది? మీకే గదా గా పంచాయితి."

ఆమె వెళ్ళాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నేను దాచింది అమ్మను కాపాడటానికి అనుకున్నాను. ఇప్పుడు ఇంకొకటి తోస్తోంది. అమ్మ పూలు నేను లేకపోతే సాగవని రోజూ నాకు నేను చెప్పుకున్నాను. ఎవరైనా అడిగితే మిర్యాలగూడ వెళ్ళకపోవడానికి ఒక కారణం ఉండాలి కదా. కుర్సీ మీద కూర్చోవడానికి నాకు భయమని ఎలా చెప్పను?

ఇది కొట్టివేయాలనిపించింది. కొట్టివెయ్యను.

మే 23, సోమవారం

పొద్దున దర్జీ దానియేలు మామ వచ్చాడు. రాత్రి వాళ్ళమ్మ పోయింది. సాయంత్రం భూస్థాపన. గడప బయటే నిలబడ్డాడు.

"సువార్తక్కా, మా అమ్మ నీ పూలే వెయ్యాలన్నది. ఎండల పడి చేసుడు కష్టమే గని..."

నేను నోరు తెరిచాను. అమ్మకు ఒంట్లో బాగా లేదు మామా, నేను చేసి పెడతాను అని చెప్పబోయాను.

అమ్మ లేచి వచ్చింది. గోడ పట్టుకుని వచ్చి తన చోట కూర్చుంది. చెయ్యి చాపి కుడివైపు తడిమింది. ఇన్ని రోజులూ నేను ఏమీ సర్దలేదు, అక్కడ అన్ని రంగులూ కలిసి పడి ఉన్నాయి. ఒక కాగితం తీసి వెలుతురుకు పట్టింది. ముక్కుకు ఆనేంత దగ్గరగా తెచ్చింది. మళ్ళీ దూరంగా పట్టింది. దానియేలు మామ చూస్తున్నాడు. 

"కృపా" అంది. "ఇది నీలమేనా?"

ఆమె నన్ను రంగు అడగడం అదే మొదలు.

అవునంటే అయిపోయేది. తర్వాత నేను మార్చేదాన్ని. ఎలా మార్చాలో నాకు బాగా తెలుసు.

"కాదమ్మా. తెల్లది."

ఆ మాట ఇంట్లో నిలబడిపోయింది. అమ్మ కాగితాన్ని మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత గడపవైపు ముఖం తిప్పింది. దానియేలు మామ ఉన్నచోటికి కాదు, కొంచెం పక్కకు.

"తమ్ముడా, నాకు కండ్లు కానొస్తలెవ్వు. రంగు నా బిడ్డ సెప్తది. పువ్వు నేను జేస్త. గట్ల ఒప్పుకుంటే కూసో. లేకుంటే కృపనే జేస్తది, అది కూడ మంచిగనే జేస్తది. జర బిర్రుగుంటయి."

దానియేలు మామ చెప్పులు విడిచి లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తలకు కట్టుకున్న గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీ సేతియే కావాలె" అన్నాడు.

మధ్యాహ్నం దాకా నేను నీలిమందు నీళ్ళు కలిపి కాగితాలు ముంచి ఆరేసి అందిస్తూ, ఇది నీలం, ఇదీ నీలం అని చెబుతూ ఉన్నాను. అమ్మ కత్తెర ఆగలేదు. దానియేలు మామ వాళ్ళమ్మ సంగతులు చెబుతూ చెబుతూ కూర్చున్నచోటే నిద్రపోయాడు. అతని చుట్టూ లేత నీలం రేకులు రాలాయి.

మే 24

నాయిన పాదిరిగారి దగ్గరికి పోయి వస్తానని అంగీ వేసుకున్నాడు. "ఏం సెప్పాలె?" అని నన్ను అడగలేదు, అమ్మను అడిగాడు. "వస్తదని సెప్పు" అంది అమ్మ. నేను కాదనలేదు.

వానలు వెలిశాక బెజవాడ దవాఖానకు పోదామన్నాడు నాయిన. అమ్మ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

జూన్ 4, శనివారం

ఎల్లుండి మిర్యాలగూడ. రెండు చీరలు, పలక, ఈ పుస్తకం. పెట్టె ఇంకా కట్టలేదు.

నేను రంగులు చెప్పే పని ఇక నీలక్కది. వారానికి రెండు పూటలు వచ్చి కూర్చుంటానంది, బదులుగా తన కూతురి పెళ్ళికి అమ్మ పూలు చెయ్యాలట. ఈ రోజు మొదటి పూట. నేను బయట చింతచెట్టు కింద కూర్చుని ఇది రాస్తున్నాను. తొందరలో నీలక్కకు తెలుగు రాదు, తండా మాటే వస్తుంది.

"ధోళో" అంటోంది.

"ధోళో అంటే ఏందే? తెల్లదా, పచ్చదా?" అమ్మ గొంతు.

"ధోళో అంటే ధోళో అక్కా. పాల లెక్క."

"పాల లెక్క అంటే తెల్లది అనరాదా?"

"అంటున్న గదా, ధోళో అని."

"నీ ధోళో పాడుగాను. ఇదేం రంగు?"

"పీళో."

"అంటే?"

కత్తెర చప్పుడు, గాజుల చప్పుడు, ఇద్దరి నవ్వు. ఏది ఏ రంగో వాళ్ళిద్దరికీ ఇంకా కుదరలేదు. గాలికి తాళ్ళు కదిలి, కిటికీలోంచి ఇల్లంతా రంగురంగులుగా ఊగుతోంది.

నేను లేచి లోపలికి వెళ్ళలేదు.